లంక బోటుకి కొత్త స్విచ్ ప్యానెల్: ఆ 2 వోల్టులు ఎక్కడ పోయాయంటే

బెజవాడ ఆటోనగర్‌లో లారీలకి, బస్సులకి వైరింగ్ చేస్తుంటా, ఇరవై రెండేళ్ళయింది. మధ్యమధ్యలో కృష్ణ ఒడ్డు నుంచి బోటు పనులు కూడా వస్తుంటాయి, ఎక్కువగా సెల్ఫ్ పట్టట్లేదనో లైటు వెలగట్లేదనో. కానీ ఒక బోటుకి పాత వైరింగ్ అంతా పీకేసి బ్యాటరీ దగ్గర్నుంచి స్విచ్ ప్యానెల్ దాకా కొత్తగా చేసింది ఇదొక్కటే. పని రెండు విడతలుగా జరిగింది, మొదటి విడతలో నేను చేసింది సగం పనేనని తర్వాత తెలిసింది, ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నా ఎందుకంటే నాలాగే లారీ పని నుంచి బోటు పనికి వెళ్ళే మెకానిక్కులు చాలామంది ఉన్నారు, వాళ్ళూ అక్కడే ఆగిపోతారు.

బోటు మా చుట్టాల్లో ఒకాయనది, నేను బాబాయ్ అంటా. సీతానగరంలో ఉంటారు, ప్రకాశం బ్యారేజీకి ఎగువన నది మధ్య లంకలో పొలం, అరటి, బంతి, కొంత కూరగాయలు. 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్, సెల్ఫ్ స్టార్టు. తెల్లారుజామున చీకటితో వెళ్తారు, సాయంత్రం సరుకు వేసుకుని చీకటి పడ్డాక వస్తారు. అంటే రోజుకి రెండుసార్లు లైట్లతోనే పని, పైగా అడుగున చేరే నీళ్ళు తోడే బిల్జ్ పంపు ఆగితే సరుకు తడిసిపోవడమే కాదు, బోటు బరువెక్కి కుంగుతుంది.

2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది కదా, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్లకి గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నది అప్పుడే. బాబాయ్ వాళ్ళు రెండు తాళ్ళేసి చెట్టుకి కట్టబట్టి ఈ బోటు కొట్టుకుపోలేదు గానీ లోపలికి నీళ్ళెక్కి రెండు రోజులు సగం మునిగే ఉంది. ఇంజన్ విప్పి సర్వీస్ చేయించారు, బ్యాటరీ కొత్తది వేశారు, వైరింగ్ మాత్రం ఎండబెట్టి అలాగే వాడేశారు. లైట్లు వెలిగాయి, పంపు తిరిగింది, ఇంకేం అనుకున్నారు. వైరింగ్‌లో నీళ్ళు వెళ్ళినప్పుడు ఇదే ఇబ్బంది, ఆ రోజు ఏమీ కాదు, రెండు నెలలకి మొదలవుతుంది.

కార్తీకమాసం, బంతిపూల గంపలతో వస్తున్నారు, నది మధ్యలో ఉండగా ముందు ప్యానెల్ పెట్టెలోంచి పొగ. బాబాయ్ కొడుకు నడుపుతున్నాడు, వాడు స్విచ్‌లన్నీ ఆపేశాడు, అయినా పొగ ఆగలేదు. బాబాయ్ వెనక్కి పాకుతూ వెళ్ళి బ్యాటరీ టెర్మినల్ చేత్తో పీకేశారు, చూపుడువేలి మీద బొబ్బ. బ్యాటరీకి పక్కనే పెట్రోలు క్యాను ఉంది, ఆ మాట ఆయన చెప్తుంటే నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, బోటు అడుగున పేరుకుంటుంది, అక్కడ టెర్మినల్ పీకితే వచ్చే నిప్పురవ్వ చాలు. మన అదృష్టం కొద్దీ ఆ రోజు క్యాను మూత బిగుతుగా ఉంది.

మర్నాడు వెళ్ళి పెట్టె విప్పా. ప్లైవుడ్ పెట్టె, దానికి ఇంట్లో గోడకి వేసే స్విచ్‌లు ఐదు, వెనకాల ఫ్యూజ్ హోల్డర్ ఒకటే. ఫ్యూజ్ చేతిలోకి తీసుకుని చూస్తే లోపల తీగ ఎప్పుడో కాలిపోయింది, గాజు నల్లబడింది, పైన మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి రాగి పోగులు నాలుగు మెలేసి చుట్టి ఉన్నాయి. అలాంటి సన్నటి పోగు ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు మోస్తుంది, నాలుగు కలిపితే ముప్పై దాకా కరగదు. అక్కడున్న లైట్ల వైరు ముక్కాల్ ఎంఎం (మేం ఎంఎం అనేది వైరు లావుని చదరపు మిల్లీమీటర్లలో). ఆ వైరు ముందు భాగంలో ఫైబర్‌కి కొట్టిన బెజ్జంలోంచి వెళ్తుంది, బెజ్జానికి రబ్బర్ బుష్ లేదు, ఫైబర్ అంచు బ్లేడులా ఉంటుంది, అలల కుదుపుకి రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి ప్లస్సు మైనస్సు కలిసిపోయాయి. ఫ్యూజ్ పోవాల్సిన చోట పోగులు గట్టిగా నిలబడ్డాయి, వైరు కాలింది. జానెడు పొడుగున పైతొడుగు కరిగి ప్లైవుడ్‌కి అంటుకుపోయి ఉంది, వేలితో గీకితే జిగురులా సాగింది.

స్విచ్‌లు ఆపినా పొగ ఎందుకు ఆగలేదంటే లైట్ల స్విచ్ పెట్టింది మైనస్ వైపు వైరుకి. ప్లస్సు కలిసింది స్విచ్ దాటకుండా నేరుగా బ్యాటరీకి పోయే మైనస్ వైరుతో, పైగా ప్లస్సు ఎప్పుడూ లైవ్‌లోనే ఉంది. ఎవరు వేశారో తెలీదు, అడిగినా లాభం లేదు.

ఇంటి స్విచ్ 12 వోల్టులకి పనికిరాదా, 240కే తట్టుకుంటుంది కదా అని బాబాయ్ అడిగారు, చాలామంది అడిగే ప్రశ్నే. ఇంట్లో కరెంటు ఏసీ, సెకనుకి 100 సార్లు సున్నాకి వచ్చి వెళ్తుంది, కాబట్టి స్విచ్ తీసినప్పుడు లోపల వచ్చే మెరుపు తనంతట తనే చచ్చిపోతుంది. బ్యాటరీది డీసీ, సున్నాకి రాదు, పంపులాంటి మోటారు లోడు తీసేటప్పుడు ఆ మెరుపు ఇంకాస్త సాగి కాంటాక్టుల్ని ప్రతిసారీ కొంచెం కాలుస్తుంది. వెంటనే ఏమీ కాదు, ఏడాదికి నల్లగా మసి పట్టి, ఆ మసి దగ్గరే అర వోల్టు పోతుంది. 240లో అర వోల్టు పోతే ఎవడికీ తెలీదు, 12లో పోతే అది లెక్కే.

ఆ రోజు కొలిచిన రీడింగులు ఇవి. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, పంపు దగ్గర 10.3. పంపు లాగేది నాలుగు ఆంపియర్లు. బాబాయ్ ఇంకో మాట కూడా చెప్పారు, పంపు వేస్తే లైట్లు మిణుక్కుమిణుక్కుమంటాయి అని. 20 లీటర్ల బకెట్లు ఐదు బోటు అడుగున పోసి పంపు వేసి చూశాం, 100 లీటర్లు తోడటానికి 3 నిమిషాల 10 సెకన్లు. ఆ పంపు డబ్బా మీద గంటకి 1100 గ్యాలన్లు అని ఉంటుంది, అమెరికా గ్యాలన్ 3.78 లీటర్లు, అంటే నిమిషానికి 69 లీటర్లు, అది పైపు లేకుండా, ఎత్తు లేకుండా, ఇంజన్ చార్జింగులో ఉన్న వోల్టేజీ మీద చెప్పే లెక్క అనుకోండి, అయినా మనకి వస్తున్నది 32. సగం కూడా లేదు.

మొదటి విడతలో ఏం చేశానంటే, ఆరు రాకర్ స్విచ్‌లున్న అల్యూమినియం ప్యానెల్ ఆన్‌లైన్లో తెప్పించా, ప్లైవుడ్ పెట్టె తీసేశా, కాలిన వైర్లు మార్చా, ప్రతి లైనుకీ విడిగా బ్లేడ్ ఫ్యూజ్, స్విచ్‌లన్నీ ప్లస్ వైపుకి మార్చా, ప్లస్సులో ఉన్న అతుకులన్నీ కోసి కొత్త థింబుల్స్ (వైరు చివరకి నొక్కే లోహపు తొడుగులు) కొట్టా. రెండు రోజులు పట్టింది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, స్విచ్ వేస్తే నీలం లైటు వెలుగుతుంది, బాబాయ్ కొడుకు ఫోటోలు తీసి ఊరందరికీ పంపాడు.

మూడో రోజు పొద్దున్నే ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, లైట్లు బానే ఉన్నాయి గానీ పంపు మాత్రం ఎప్పట్లాగే ముక్కుతా ముక్కుతా పోస్తుందిరా. పంపే మార్చాలంటావా?" అన్నారు. "ఆగండి బాబాయ్, కొనొద్దు, నేనొచ్చి చూస్తా" అన్నా.

వెళ్ళి కొలిస్తే పంపు దగ్గర 11.0. ఇంకా 1.4 వోల్టులు పోతున్నాయి. అప్పుడు చేయాల్సిన పని మొదటి రోజే చేసుండాల్సింది, ప్లస్సు మైనస్సు విడివిడిగా కొలవడం. మీటరు ఒక కడ్డీ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి పంపు ప్లస్ మీద పెట్టా, పంపు నడుస్తుండగానే, 0.5 వచ్చింది. తర్వాత బ్యాటరీ మైనస్ మీద ఒకటి, పంపు మైనస్ మీద ఒకటి, 0.9. అంటే నేను రెండు రోజులు కష్టపడింది ప్లస్ వైపు, ఎక్కువ పోతున్నది మైనస్ వైపు.

లారీ పని చేసేవాడికి ఈ తప్పు ఎందుకు వస్తుందో చెప్తా. లారీకి మైనస్ అంటే ఛాసిస్, అంత లావు ఇనుము, ఎక్కడ బోల్టు దొరికితే అక్కడ ఎర్త్ కొట్టేస్తాం, వైరు పొడుగు లెక్కేసేటప్పుడు ప్లస్సు ఒక్కటే లెక్కేస్తాం. ఫైబర్ బోటుకి బాడీ ఎర్త్ లేదు. ప్లస్సు ఎంత దూరం వెళ్ళిందో మైనస్సు కూడా అంత దూరం వెనక్కి రావాలి, అంత లావు వైరుతోనే రావాలి, అన్ని అతుకులూ అంత శుభ్రంగా ఉండాలి. వచ్చిన దారి సన్నదైతే వెళ్ళిన దారి ఎంత బాగున్నా లాభం లేదు. తెలీని సంగతేం కాదు, తెలిసినా చెయ్యి అలవాటు కొద్దీ ఎర్రవైరు వెంటే పోతుంది.

మైనస్ వైరు పట్టుకుని వేలితో తడుముకుంటూ పోయా. వెనక సీటు కింద ఒకచోట చురుక్కుమంది. నల్ల టేపు చుట్ట, దాని జిగురంతా కారి వైరు పొడవునా పాకింది. టేపు విప్పితే లోపల రెండు వైర్లు మెలేసి ఉన్నాయి, చిలుము, మామూలు చిలుము కాదు, నెమలికంఠం రంగులో పొడిపొడిగా రాలుతుంది, మెలిక విప్పబోతే సగం పోగులు చేతిలోనే విరిగిపోయాయి. టేపు నీళ్ళని ఆపదు, లోపలికి వెళ్ళిన నీళ్ళని బయటికి పోనివ్వదు, అంతే. వరద నీళ్ళు బురదతో సహా అందులో కూర్చుని రెండు నెలలు రాగిని తిన్నాయి. ఇంకో రెండంగుళాలు వైరు చీల్చి చూశా, లోపల పోగులు నల్లగా ఉన్నాయి. మామూలు రాగి వైరులోకి తడి పోగుల మధ్య పాకుతూ వెళ్తుంది, చివర కోసి కొత్త థింబుల్ కొట్టినా నల్లబడ్డ రాగి మీద అది సరిగ్గా పట్టదు. నేను మొదటి విడతలో కొట్టిన థింబుల్స్‌లో రెండు ఇలా నల్ల రాగి మీద కొట్టినవే.

ఇక అప్పుడు కూర్చుని కాగితం మీద బోటు బొమ్మ గీశా. గీశాక ఇంకోటి కనపడింది. బ్యాటరీ వెనక, పంపు వెనక, రెంటికీ మధ్య రెండు మీటర్లు కూడా లేదు. కానీ పాత వైరింగులో పంపు కరెంటు బ్యాటరీ నుంచి ముందున్న ప్యానెల్‌కి నాలుగున్నర మీటర్లు వెళ్ళి, మళ్ళీ నాలుగున్నర వెనక్కి పంపు దగ్గరికి వస్తుంది, మైనస్సు కూడా అదే తిరుగుడు. మొత్తం 18 మీటర్లు, ఒకటిన్నర ఎంఎం వైరుతో. ఒకటిన్నర ఎంఎం రాగికి కిలోమీటరుకి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, సుమారు 13.3 ఓములు, 18 మీటర్లకి 0.24, నాలుగు ఆంపియర్లకి 0.96 వోల్టు. అతుకులన్నీ కొత్తవైనా, ప్యానెల్ బంగారంతో చేసినా ఆ వోల్టు పోవాల్సిందే. ఇది స్విచ్‌ల సమస్యే కాదు, దారి సమస్య.

రెండో విడత మొత్తం పీకేసి చేశాం. పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా రెండున్నర ఎంఎం వైరు, రానుపోను నాలుగు మీటర్లు, లెక్క ప్రకారం పోయేది 0.13 వోల్టు. నీళ్ళు పెరిగితే తేలి పంపుని వేసే ఫ్లోట్ స్విచ్ కొత్తది పెట్టా, ఆ లైను మెయిన్ స్విచ్‌తో గానీ ప్యానెల్‌తో గానీ సంబంధం లేకుండా ఎప్పుడూ లైవ్, దాని ఫ్యూజ్ దానికుంది. బోటు ఒడ్డున కట్టేసి ఇంటికెళ్ళాక రాత్రి వాన పడితే పంపు దానంతట అదే వేసుకోవాలి, మెయిన్ ఆపారు కాబట్టి పంపు కూడా ఆగిపోయింది అంటే పొద్దున్నకి బోటు అడుగునుంటుంది. ప్యానెల్ మీద ఉన్న పంపు స్విచ్ చేత్తో వేసుకోవడానికి మాత్రమే.

పంపు ఫ్యూజ్ 5 ఆంపియర్లే పెట్టమని దాని తయారీవాళ్ళు రాశారు. బాబాయ్ పది పెట్టొచ్చు కదా మాటిమాటికీ పోకుండా అన్నారు. మన నదిలో గుర్రపు డెక్క సంగతి తెలిసిందే, దాని వేళ్ళు బోటులోకి వచ్చి పంపు జల్లెడలో ఇరుక్కుంటాయి, ఫ్యాను తిరగడం ఆగిందంటే మోటారు మామూలు కంటే బాగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు ఫ్యూజ్ పోవాలి, పోకపోతే వైండింగ్ కాలుతుంది. ఫ్యూజ్ పోవడం రిపేరు కాదు, అది చేయాల్సిన పని చేసింది, మనం వెళ్ళి వేళ్ళు తీసేయాలి.

మిగతా ఫ్యూజ్‌ల లెక్క వేరు. అక్కడ ఫ్యూజ్ ఉన్నది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు ఎంత మోయగలదో దానికంటే ఫ్యూజ్ ఎప్పుడూ తక్కువుండాలి. ఎల్ఈడీ లైట్లన్నీ కలిపినా అర ఆంపియర్ దాటవు, అక్కడ 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేశా. హారన్‌కి, సెర్చ్ లైటుకి, ఫోన్ చార్జింగ్ సాకెట్టుకి విడివిడిగా. అన్నిటికంటే ముఖ్యమైంది బ్యాటరీ దగ్గరది, పాత వైరింగులో అసలు లేనే లేదు. అమెరికాలో బోట్ల ప్రమాణాలు చూసే ఏబీవైసీ వాళ్ళ రూల్లో మామూలుగా బ్యాటరీ నుంచి 7 అంగుళాల్లోపు ఫ్యూజ్ ఉండాలని ఉంది, జానెడు కూడా కాదు. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఎవరూ లేరు, ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. అక్కడ 30 ఆంపియర్లది పెట్టా. ఇంజన్ సెల్ఫ్ కేబుల్ వేరే, అది దీంట్లోంచి వెళ్ళదు.

మెయిన్ వైరు బ్యాటరీ నుంచి ముందు ప్యానెల్ దాకా 10 ఎంఎం. అంత లావు ఎందుకురా, ఇంటి మీటరుకి కూడా అంత లేదు కదా అన్నారు బాబాయ్. అన్నీ ఒకేసారి వేస్తే 13 ఆంపియర్లు దాకా ఉంటుంది, 15 అనుకుని లెక్కేశా. ముఖ్యమైన లైన్లలో వంద వోల్టులకి మూడు కంటే ఎక్కువ పోకూడదని అదే ఏబీవైసీ లెక్క, 12కి 0.36. రానుపోను 9 మీటర్లకి 6 ఎంఎం వేస్తే 0.45 పోతుంది, 10 ఎంఎం వేస్తే 0.26. కాబట్టి 10. ఇంటికి 240 కాబట్టి సన్న వైరు సరిపోతుంది, అదే పవరు 12లో కావాలంటే కరెంటు ఇరవై రెట్లు, ఇది ఆయనకి చెప్పాక ఇంక అడగలేదు.

వైరు కూడా టిన్ను పూత ఉన్న రాగి వైరు వాడా, ప్రతి పోగుకీ విడిగా పూత ఉంటుంది, చీలిస్తే వెండిరంగులో కనపడుతుంది. గవర్నర్‌పేటలో, వన్‌టౌన్‌లో తిరిగితే దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించా, ధర మామూలు వైరుకి రెండింతల పైన. నదినీళ్ళకి ఇది అవసరమా అంటే, వరదలో మునిగిన బోటు నల్ల రాగి చూశాక నేనైతే అవసరమే అంటా. బాబాయ్ అప్పుడప్పుడు నాగాయలంక దాకా బోటు తీసుకెళ్ళాలని అనుకుంటున్నారు, అక్కడ ఉప్పు గాలి, మామూలు రాగి నిలవదు.

అతుకులకి టంకం పెట్టలేదు. టంకం ఎక్కినంత మేర వైరు కడ్డీలా బిర్రబిగుస్తుంది, కుదుపుకి ఆ కడ్డీ అయిపోయే చోట పోగులు తెగుతాయి. రాట్చెట్ ప్లయరుతో థింబుల్ నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేశా, రెండు చివర్లా జిగురు చిన్న ముత్యంలా బయటికి వస్తే లోపల గాలి లేనట్టు లెక్క. ప్రతి థింబుల్‌నీ బలంగా లాగి చూశా, రెండు ఊడొచ్చాయి, మళ్ళీ కొట్టా.

మైనస్సులన్నీ ఇత్తడి బస్ బార్ (వైర్లన్నీ స్క్రూలతో ఒకచోట బిగించే పట్టీ) మీదకి, ఒకటి ముందు ప్యానెల్ వెనక, ఒకటి బ్యాటరీ పెట్టె పక్కన. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. ఇకమీదట ఎవరైనా కొత్త లైటు పెట్టాలన్నా వైరు గీరి మెలేయక్కర్లేదు, బార్ మీద స్క్రూలు రెండేసి ఖాళీగా వదిలా.

ఆన్‌లైన్లో వచ్చే ఈ ప్యానెల్ గురించి ఒక మాట. ముందు వైపు నీళ్ళు పడినా ఏం కాదు, ఐపీ 65 అని రాసి ఉంటుంది, నిజమే, కానీ ఆ మాట ముందు వైపుకే. వెనక టెర్మినల్స్ అన్నీ తెరిచే ఉంటాయి. పైగా ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కి ఫ్యాక్టరీలో వేసిన జంపర్ వైరు వెంట్రుకంత సన్నగా ఉంది, మిగతా ఐదు స్విచ్‌ల కరెంటు మొదటి జంపర్‌లోంచే పోవాలి. అవి తీసేసి 4 ఎంఎంతో నేనే వేశా. మొదటి విడతలో ఇది గమనించలేదు.

పెట్టె ఎలా మూయాలన్నది చాలా ఆలోచించా. మొదట చుట్టూ సిలికాన్ పెట్టి గాలి కూడా చొరకుండా బిగిద్దామనుకున్నా. బెజవాడ ఎండలో పగలు పెట్టె లోపల గాలి కాగుతుంది, రాత్రి నది మీద చల్లబడి లోపల చెమట పడుతుంది, బిగించేస్తే ఆ చెమటకి బయటికి దారి ఉండదు. అందుకని పైన, పక్కల మూసి, అడుగున మూలగా పెన్సిలంత బెజ్జం వదిలా. వైర్లన్నీ కిందనుంచే గ్లాండ్లలోంచి, అంటే వైరు చుట్టూ బిగిసే బిరడాల్లోంచి ఎక్కుతాయి, ఎక్కే ముందు ప్రతి వైరూ కిందికి ఒక వంపు తిరుగుతుంది, వైరు మీద పాకొచ్చే నీటిబొట్టు ఆ వంపు దగ్గర జారి పడిపోతుంది, పైకెక్కలేదు. ఫైబర్ బెజ్జాలన్నిటికీ రబ్బర్ బుష్‌లు.

లైట్లు విప్పినప్పుడు ఇంకోటి బయటపడింది, ఎడమకి ఆకుపచ్చ, కుడికి ఎరుపు ఉంది. ఎదురొచ్చే బోటువాడు మన ఎరుపు చూసి మన ఎడమ పక్క అనుకుంటాడు, రంగులు తారుమారైతే మనం అటు పోతున్నామనుకుని ఇటు తిప్పుతాడు. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, ఒక్కోటి ఎదుటి నుంచి పక్కకి 112.5 డిగ్రీలు కనపడాలి, మధ్యలో ఎత్తుగా చుట్టూ కనపడే తెల్లలైటు. 1972 అంతర్జాతీయ రూల్స్ ప్రకారం 7 మీటర్ల లోపు ఉండి 7 నాట్లు, అంటే గంటకి సుమారు 13 కిలోమీటర్లు దాటని బోటుకి తెల్లలైటుతో సరిపెట్టుకోవచ్చు, వీలైతే పక్క లైట్లూ పెట్టాలి, ఈ బోటు 5.5 మీటర్లే గానీ 25 హార్స్‌పవర్‌తో ఆ వేగం దాటుతుంది, కాబట్టి మూడూ పెట్టాం. స్విచ్ మూడు స్థానాలది, పైకి వేస్తే మూడు లైట్లు నడవడానికి, కిందికి వేస్తే తెల్లలైటు ఒక్కటే లంగరేసి ఉన్నప్పుడు, మధ్యలో ఆఫ్.

పెట్రోలు క్యాను బ్యాటరీకి దూరంగా అవతలి పక్కకి మార్పించా, బ్యాటరీకి మూత, బెల్టు. మెయిన్ స్విచ్ కూడా నిప్పురవ్వ బయటికి రాని రకం తెప్పించా, మామూలు లారీ కటాఫ్ స్విచ్ పెట్టలేదు. ఈసారి పొగ వస్తే టెర్మినల్ పీకక్కర్లేదు, చెయ్యి చాపితే అందుతుంది.

అయ్యాక రీడింగులు. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.35, పంపు దగ్గర 12.2. అన్నీ వేసి ప్యానెల్ దగ్గర కొలిస్తే 12.1. మళ్ళీ ఐదు బకెట్లు పోశాం, బాబాయ్ కొడుకు ఫోన్లో టైము చూశాడు, 2 నిమిషాల 5 సెకన్లు. అదే పంపు. బాబాయ్ ఏమీ అనలేదు, పైపులోంచి నీళ్ళు పడే దూరం చూసి ఇంకో బకెట్టు పోయించారు. పంపు వేసినప్పుడు లైట్లు కదల్లేదు. అరగంట అన్నీ వేసి ఉంచి ప్రతి అతుకునీ వేలితో ముట్టుకు చూశా, ఎక్కడా వెచ్చగా లేదు.

వైరింగ్ బొమ్మ తెలుగులో గీసి లామినేషన్ చేయించి ప్యానెల్ మూత లోపల అతికించా, ఏ ఫ్యూజ్ ఎంతో దాని పక్కన రాసి. స్పేర్ ఫ్యూజ్‌లు చిన్న డబ్బాలో అక్కడే. ఫ్యూజ్ పోతే ముందు ఎందుకు పోయిందో చూసి తర్వాతే మార్చాలని బాబాయ్ కొడుకుతో రెండుసార్లు చేయించా, ఒక పంపు లైనుది, ఒక లైట్లది.

తర్వాత ఒక వానాకాలం గడిచింది. మొన్న కార్తీకంలో వెళ్ళి ప్యానెల్ విప్పా. పెట్టె లోపల పొడిగా ఉంది, అడుగు బెజ్జం దగ్గర చిన్న సాలీడు గూడు, తీసేశా. మైనస్ బస్ బార్ మెరుస్తుంది, పంపు మైనస్ వైపు కొలిస్తే 0.07 వోల్టు. హారన్ థింబుల్ ఒకదానికి మాత్రం పచ్చగా చిలుము మొదలైంది, ఆ రోజు స్లీవ్‌లు అయిపోతే అది ఒక్కటీ మామూలు ఇన్సులేషన్ వేసి వదిలాను, గుర్తుంది. కోసి కొత్తది కొట్టా. ఇంజన్‌కి ఒకటి, మిగతా వాటికి ఒకటి అని రెండు బ్యాటరీలు పెడదామని బాబాయ్ అంటున్నారు, ఆ రెండిటినీ కలిపి విడదీసే రిలే ఎక్కడ పెట్టాలో వచ్చే వారం కొలతలు తీసుకోవాలి.